పాత కంప్యూటర్‌కి తేలికైన పీడీఎఫ్ రీడర్ ఎంచుకోవడం ఎలా?

మా నాన్నగారి డెస్క్‌టాప్‌కి తొమ్మిదేళ్ళు. నాలుగు జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్. పొద్దున్నే స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకం ఏదో ఒకటి తెరిచి నాలుగు పేజీలు చదవడం ఆయనకి అలవాటు. ఫైల్ మీద రెండుసార్లు నొక్కి, వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకుని వస్తే అప్పటికి పుస్తకం అట్ట కనిపించేది. ఓపిక లేని రోజున మళ్ళీ మళ్ళీ నొక్కేవారు. దాంతో అదే ఫైల్ నాలుగుసార్లు తెరుచుకోబోయి, కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది. చివరికి ఒకరోజు ఫోన్ చేసి "దీని పని అయిపోయిందిరా, కొత్తది కొనాలేమో" అన్నారు.

పండక్కి ఊరెళ్ళినప్పుడు చూశాను. కంప్యూటర్‌కి ఏమీ కాలేదు. పీడీఎఫ్ తెరవడానికి ఎవరో పెట్టిపోయిన ప్రోగ్రామే బరువు. అది మార్చాక అదే పుస్తకం అదే మెషీన్‌లో కాఫీ సంగతి గుర్తొచ్చేలోపే తెరుచుకుంది. మీ ఇంట్లోనూ ఇలాంటి పాత కంప్యూటర్ ఉంటే, కొత్తదానికి డబ్బు పెట్టే ముందు ఒక గంట కూర్చుని ఈ పని చేసి చూడండి. పైసా ఖర్చు లేదు.

తేలికైన రీడర్ అంటే డౌన్‌లోడ్ సైజు తక్కువ ఉన్నది అని చాలామంది అనుకుంటారు. నా లెక్క వేరు. మీ ఇంట్లో ఉన్న ఫైళ్ళన్నిటిలో మొండి ఫైల్ ఏదో, దాన్ని విసిగించకుండా తెరిచేదే మీకు తేలికైన రీడర్. అందుకని ఎవరో ఇచ్చిన 'టాప్ టెన్' జాబితా చూసి పెట్టుకోవద్దు. మీ ఫైళ్ళతోనే పరీక్ష పెట్టి ఎంచుకోండి.

1. ముందు ఇంట్లో ఏమేం తెరుస్తారో చూడండి

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి, ఫైళ్ళని సైజు ప్రకారం పేర్చండి. పైనుంచి కిందికి ఒకసారి చూస్తే మీ ఇంటి జాతకం తెలిసిపోతుంది. మామూలుగా ఉండేవి ఇవే: కరెంటు బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఈ-ఆధార్, పిల్లల హాల్ టికెట్లు, మీభూమిలో తీసిన అడంగల్, ఎవరిదో పెళ్ళి శుభలేఖ, పంచాంగం, ఆపైన వందల పేజీల స్కాన్ పుస్తకాలు.

వీటిని మూడు కుప్పలుగా అనుకోండి. చదివి మూసేసేవి ఒక కుప్ప. ప్రింట్ తీయాల్సినవి రెండో కుప్ప. ఫారం నింపాల్సినవి, డిజిటల్ సంతకం సరిచూడాల్సినవి మూడో కుప్ప. మా ఇంట్లో మూడో కుప్పలో ఏడాదికి ఐదారు ఫైళ్ళు కూడా ఉండవు. ఆ ఐదారింటి కోసం రోజూ బరువైన ప్రోగ్రామ్ మోయడం ఎందుకు? రోజువారీ చదువుకి ఒక చిన్న రీడర్, ఎప్పుడో వచ్చే ఆ పనులకి పక్కన ఇంకొకటి. ఇంటి కంప్యూటర్‌కి ఈ జోడీ బాగా కుదురుతుందని నా అనుభవం. రెండూ ఒకదాంట్లోనే కావాలని పట్టుబడితేనే చిక్కు.

2. మీ మెషీన్ సంగతి తెలుసుకోండి

స్టార్ట్ మెనూలో సెట్టింగ్స్, అందులో సిస్టమ్, అందులో అబౌట్ నొక్కండి. ర్యామ్ ఎంత, విండోస్ ఏ వెర్షన్, 32 బిట్టా 64 బిట్టా అన్నవి అక్కడే ఉంటాయి. ఈ మూడూ కాగితం మీద రాసుకోండి. 32 బిట్ విండోస్‌లో 64 బిట్ ప్రోగ్రామ్ ఎక్కదు. డౌన్‌లోడ్ దగ్గర పొరపాటు పడకుండా ఈ కాగితం పనికొస్తుంది.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14తో ఆగింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఆగింది. రీడర్ ఎంపికకీ దీనికీ సంబంధం ఉంది. ఉదాహరణకి విండోస్ 7లో క్రోమ్ 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. అంటే అలాంటి మెషీన్‌లో బ్రౌజర్‌తో పీడీఎఫ్‌లు తెరిస్తే, లోపాలు సరిచేయని పాత ప్రోగ్రామ్‌తో తెరుస్తున్నట్టే. ఎవరు పంపారో తెలియని ఫైళ్ళు అందులో తెరవకండి.

ఇంకొక మాట. కొంత డబ్బు ఖర్చుపెట్టే ఓపిక ఉంటే, తిరిగే హార్డ్ డిస్క్ తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. దాంతో వచ్చే తేడా ఏ రీడర్ మార్చినా రాదు. ఆ మాట ఒప్పుకునే మిగతాది చెబుతున్నాను.

3. అసలు బరువు ఎక్కడుంది?

ఆలస్యం రెండు చోట్ల జరుగుతుంది. మొదటిది ప్రోగ్రామ్ లేవడంలో. పెద్ద రీడర్ తెరిచినప్పుడు దాని సొంత ఫైళ్ళే డిస్క్ మీద నుంచి కుప్పలుగా రావాలి. ఫారాలు, సంతకాలు, క్లౌడ్ లాగిన్, ప్రకటనల ప్యానెల్ ఇవన్నీ మీరు వాడినా వాడకపోయినా వెంట లేస్తాయి. పాత హార్డ్ డిస్క్‌కి ఇదే పెద్ద గండం.

రెండోది పేజీ గీయడంలో. ఒక ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే అడ్డంగా 2480, నిలువుగా 3508 చుక్కలు వస్తాయి. మొత్తం దాదాపు 87 లక్షల చుక్కలు. ఒక్కో చుక్క రంగుకి మూడు బైట్లు వేసుకుంటే, ఆ ఒక్క పేజీ విప్పేసరికి మెమరీలో 26 ఎంబీ పడుతుంది. ఫైల్‌లో మాత్రం అది నొక్కిపెట్టి వంద కేబీలో ఉండొచ్చు. పరుపు చుట్టి సంచిలో కుక్కినట్టన్నమాట. సంచి చిన్నదే, విప్పితే గది నిండుతుంది. ముప్ఫై ఎంబీ ఫైల్‌కి కంప్యూటర్ ఎందుకు ఆయాసపడుతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

మన పాత తెలుగు పుస్తకాలకి ఇది ఇంకాస్త ఎక్కువ. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు స్కాన్ చేసిన వేల పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఆ ఆర్కైవ్ తానే తయారుచేసే పీడీఎఫ్‌లలో చాలావాటిలో బొమ్మల్ని జేపెగ్ 2000 అనే పద్ధతిలో నొక్కిపెడతారు. సైజు బాగా తగ్గుతుంది కానీ, విప్పడానికి ప్రాసెసర్ మామూలు జేపెగ్ కంటే ఎక్కువ కష్టపడాలి. ఏ రీడర్ పెట్టినా ఈ పని తప్పదు. కాకపోతే మంచి రీడర్ మీరు ఒక పేజీ చదువుతుండగానే తర్వాతి పేజీ సిద్ధం చేసి పెట్టుకుంటుంది.

4. పోటీలో ఎవరెవరున్నారు?

పీడీఎఫ్‌ని అడోబీ సంస్థ 1993లో తెచ్చింది. 2008లో అది ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఒప్పుకున్న ప్రమాణం అయింది. నియమాలన్నీ బయటికి తెలిసినవే కాబట్టి రీడర్ ఎవరైనా రాసుకోవచ్చు. అందుకే ఇన్ని ఉచిత రీడర్లు ఉన్నాయి. అన్నీ చూడక్కర్లేదు.

మొదట మీ దగ్గర ఉన్న బ్రౌజర్‌నే చూడండి. ఫైర్‌ఫాక్స్‌లో 2013 నుంచి పీడీఎఫ్ రీడర్ లోపలే ఉంది. క్రోమ్‌లోనూ ఉంది. బ్రౌజర్ ఎలాగూ రోజంతా తెరిచే ఉంటుందనుకుంటే, బిల్లులకీ హాల్ టికెట్లకీ అది చాలు, కొత్తగా ఏదీ పెట్టక్కర్లేదు. పెద్ద స్కాన్ పుస్తకాల దగ్గరే ఇబ్బంది. ఇరవై ట్యాబుల మధ్య పుస్తకం వెతుక్కోవడం, పొరపాటున మూసేయడం, చదువుతుండగా పక్క ట్యాబ్‌లో ఏదో మోగడం. చదివే మనిషికి పుస్తకం విడిగా ఉంటేనే సుఖం.

విండోస్‌లో ఆ పనికి నేను ముందు చెప్పే పేరు సుమత్రా పీడీఎఫ్. క్షిష్టోఫ్ కొవాల్‌చిక్ అనే ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టారు. ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ బాహాటం. ప్రకటనలు లేవు, లాగిన్ అడగదు. చూడ్డానికి పాతకాలం ప్రోగ్రామ్‌లా బోసిగా ఉంటుంది, ఆ బోసితనమే దాని బలం. పీడీఎఫ్ ఒక్కటే కాదు, డేజావూ (స్కాన్ పుస్తకాలకి వాడే ఇంకొక రకం ఫైల్), ఈపబ్, మోబీ అనే ఈ-పుస్తకాల ఫైళ్ళు, కామిక్ ఫైళ్ళు కూడా తెరుస్తుంది. పాత పుస్తకాలు సేకరించేవాళ్ళకి డేజావూ తెరవడం పెద్ద వరం. మూసేసిన పుస్తకాన్ని మళ్ళీ తెరిస్తే ఆపిన పేజీకే వస్తుంది. నాన్నగారికి దాంట్లో అన్నిటికంటే నచ్చింది ఇదే.

దానికి రానివి కూడా చెప్పాలి. ఫారాలు నింపడానికి పనికిరాదు. డిజిటల్ సంతకం అసలుదో కాదో చెప్పదు. పైగా విండోస్‌కి మాత్రమే. విండోస్ ఎక్స్‌పీ ఉన్న ముసలి మెషీన్ ఇంకా నడుస్తుంటే, దానికి ఎక్కే చివరి వెర్షన్ 3.1.2. అలాంటి మెషీన్‌కి ఇంటర్నెట్ తీగ పీకేసి పుస్తకాలకి మాత్రమే వాడుకోండి.

ఇంకాస్త పని కావాలి, గీతలు గీసుకోవాలి, నోట్స్ రాసుకోవాలి అంటే ఓక్యులర్ చూడండి. ఇది లినక్స్ ప్రపంచంలోని కేడీఈ వాళ్ళది, విండోస్‌కి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది. 2022లో జర్మనీ ప్రభుత్వ పర్యావరణ గుర్తు 'బ్లూ ఏంజెల్' పొందింది. ఆ గుర్తు అందుకున్న తొలి సాఫ్ట్‌వేర్ ఇదే. కరెంటు ఎంత ఖర్చవుతుంది, పాత కంప్యూటర్ల మీద నడుస్తుందా అన్నవి కూడా చూసి ఇస్తారు కాబట్టి మన విషయానికి ఇది పనికొచ్చే సంగతే. సుమత్రాకంటే బరువు, చేతినిండా పనిముట్లు.

లినక్స్ వాడేవాళ్ళకి నేను చెప్పేదేముంది, ఎవిన్స్, ఎక్స్‌రీడర్, ఏట్రిల్ లాంటివాటిలో ఏదో ఒకటి మీ సిస్టమ్‌తోనే వచ్చి ఉంటుంది. మాక్ ఉన్నవాళ్ళకి ప్రివ్యూ ఉండనే ఉంది.

అడోబీ రీడర్‌ని చాలామంది తిట్టి తీసేస్తారు. తొందరపడకండి. దాని ఇన్‌స్టాలర్ వందల ఎంబీ ఉంటుంది, రోజువారీ చదువుకి అది వద్దు. కానీ మూడో కుప్ప కోసం దాని అవసరం పడుతుంది. ఆ సంగతి ఏడో మెట్టులో చెబుతాను.

5. డౌన్‌లోడ్ దగ్గర జాగ్రత్త

గూగుల్‌లో వెతికితే పైన కనిపించేది చాలాసార్లు ప్రకటన. దాని మీద నొక్కితే రీడర్‌తో పాటు ఇంకేవో మూడు ప్రోగ్రామ్‌లు ఎక్కుతాయి. నాన్నగారి కంప్యూటర్‌లో జరిగింది ఇదే. రీడర్ పెట్టబోయి బ్రౌజర్ మొదటి పేజీ మారిపోయింది, ఏదో 'క్లీనర్' ఎక్కింది. నేరుగా తయారుచేసినవాళ్ళ సైట్‌కే వెళ్ళండి. సుమత్రాకైతే అది సుమత్రాపీడీఎఫ్‌రీడర్ డాట్ ఆర్గ్. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ప్రతి తెరా చదివి, ముందే టిక్ పెట్టి ఉన్న పెట్టెలు చూసి, అక్కర్లేనివి తీసేయండి.

అక్కడే 'పోర్టబుల్' అని ఇంకొక ఫైల్ ఉంటుంది. దీన్ని ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, ఒక ఫోల్డర్‌లో పెట్టి నొక్కితే చాలు. నచ్చకపోతే ఆ ఫోల్డర్ తీసేయండి, కథ ముగిసింది. పరీక్ష పెట్టేటప్పుడు ముందు ఇదే వాడండి.

పనిలో పనిగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నదానికి టిక్ పెట్టండి. విండోస్ మామూలుగా ఫైల్ పేరు చివరి తోక దాచేస్తుంది. అందుకని "బిల్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ" అన్న దొంగ ఫైల్ మీకు "బిల్ డాట్ పీడీఎఫ్" అనే కనిపిస్తుంది. తోక కనిపిస్తే దొంగ దొరికినట్టే.

6. మీ ఫైళ్ళతో పరీక్ష పెట్టండి

ఇక్కడే కాస్త టైమ్ పెట్టండి. మూడు ఫైళ్ళు తీసుకోండి: ఒక చిన్న బిల్లు, మీ దగ్గరున్న అతిపెద్ద స్కాన్ పుస్తకం, కంప్యూటర్‌లో టైప్ చేసిన తెలుగు పీడీఎఫ్ ఒకటి.

ముందు కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. ఒకసారి తెరిచిన ప్రోగ్రామ్‌ని విండోస్ మెమరీలో దాచుకుంటుంది కాబట్టి రెండోసారి ఏదైనా త్వరగానే తెరుచుకుంటుంది. ఆ రెండోసారి వేగం చూసి మోసపోకూడదు. రీస్టార్ట్ అయ్యాక రెండు నిమిషాలు ఆగి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చిన్న బిల్లు తెరవండి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. ఇది ప్రోగ్రామ్ బరువు.

తర్వాత పెద్ద పుస్తకం. మొదటి పేజీ త్వరగా వచ్చిందని సంతోషపడకండి, అట్ట ఎవరైనా చూపిస్తారు. నేరుగా మూడువందలో పేజీకి దూకండి. సుమత్రాలో కంట్రోల్, జి కలిపి నొక్కితే పేజీ నంబర్ అడుగుతుంది. అక్కడి నుంచి మౌస్ చక్రం తిప్పుతూ పది పేజీలు గబగబా వెళ్ళండి. పేజీలు తెల్లగా ఉండిపోయి, ఆగాక మెల్లగా నిండుతున్నాయా? అక్షరాలు పెద్దవి చేసి చూడండి. నాన్నగారి కళ్ళకి ఏ సైజు కావాలో ఆ సైజులోనే పరీక్షించాలి, మన కళ్ళకి సరిపోయే సైజులో కాదు.

అదే సమయంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ వరుసలో ఆ రీడర్ ఎంత తింటోందో చూడండి. వరుసగా యాభై పేజీలు తిప్పాక అంకె పెరిగి ఒకచోట ఆగితే మంచిది. ఆగకుండా పెరుగుతూనే పోతే నాలుగు జీబీ మెషీన్‌లో అది గంటసేపు చదివేవాళ్ళకి పనికిరాదు. బ్రౌజర్‌ని పరీక్షిస్తుంటే దాని పేరుతో ఉన్న వరుసలన్నీ కలిపి చూడాలి, ఒకటే చూస్తే లెక్క తప్పుతుంది.

ప్రింట్ పరీక్ష చిన్నదే. ఒక పేజీ చాలు. హాల్ టికెట్ లాంటివి అంచులు తెగకుండా రావాలంటే ప్రింట్ పెట్టెలో 'ఫిట్' లేదా 'ష్రింక్' అన్నది ఉందో లేదో చూసుకోండి.

ఇక మూడో ఫైల్, తెలుగుది. దీని గురించి కాస్త విడిగా మాట్లాడాలి. ఎందుకంటే ఇక్కడ వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి రీడర్ తప్పేమీ లేదు. అది తెలియక జనం ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతారు.

తెలుగు పీడీఎఫ్ తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. మూడింట్లో ఏదో ఒకటి జరుగుతుంది.

ఒకటి, అసలు ఏమీ కాపీ కాదు. అది స్కాన్. పేజీ అంతా ఒక బొమ్మ, అందులో అక్షరాలు లేవు. వెతకడం ఏ రీడర్‌తోనూ కుదరదు. అక్షరాలు కావాలంటే ఓసీఆర్, అంటే బొమ్మలోని అక్షరాలని కంప్యూటర్‌తో గుర్తుపట్టించే పని, చేయించాలి. గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు కూడా చదువుతుంది. నెట్ వద్దనుకుంటే టెసెరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి తెలుగు వచ్చు.

రెండు, ఇంగ్లీష్ అక్షరాలూ ఏవో గుర్తులూ కలగలిసిన పిచ్చి రాత వస్తుంది. అది అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో డీటీపీ చేసిన ఫైల్. ఆ ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. కంటికి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం అర్థంలేని ఇంగ్లీష్. మన పత్రికలూ ప్రెస్సులూ ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో ఇలాగే చేశాయి. రీడర్ మార్చినా ఇది మారదు. యూనికోడ్‌లోకి, అంటే తెలుగు అక్షరాలకి సొంత గుర్తులున్న ఇప్పటి పద్ధతిలోకి, మార్చే కన్వర్టర్ వేరే వెతుక్కోవాలి.

మూడు, తెలుగే వస్తుంది కానీ వత్తులూ గుణింతాలూ అటూ ఇటూ అవుతాయి. ఇది యూనికోడ్ ఫైలే. 'స్త్రీ' అన్నది మనకి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం అనే ఆరు గుర్తులు. పీడీఎఫ్ మాత్రం కాగితం మీద ఏ ఆకారం ఎక్కడ పడాలో దాచుకుంటుంది. ఆకారం నుంచి వెనక్కి గుర్తుల్లోకి వెళ్ళే పట్టికని తయారుచేసినవాళ్ళు సరిగ్గా పెట్టకపోతే కాపీ చేసినప్పుడు కలగాపులగం అవుతుంది. వెతకడం కూడా దాంతోనే తప్పుతుంది. దీనికి నాకు తెలిసిన చిట్కా ఒకటే. వత్తులు లేని తేలిక ముక్కతో వెతకండి. 'స్త్రీ' దొరకని ఫైల్‌లో 'రామ' దొరకొచ్చు. రీడర్ల మధ్య కాస్త తేడా వచ్చేది ఇక్కడే కాబట్టి రెండు మూడింటిలో వెతికి పోల్చండి.

ఇవి కాక, తెర మీదే తెలుగు సరిగ్గా కనిపించకపోతే, అంటే పెట్టెలో చుక్కలో వస్తుంటే, ఫైల్‌లోకి ఫాంట్ ఎక్కించలేదని అనుమానించండి. ఓక్యులర్‌లోనూ అడోబీ రీడర్‌లోనూ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ అని ఒక భాగం ఉంటుంది. అక్కడ 'ఎంబెడెడ్' అని లేకపోతే పంపినవాళ్ళనే మళ్ళీ అడగాలి.

రీడర్ మార్చి చూడాలనుకుంటే ఇంకొక విషయం తెలిసి ఉండాలి. పైకి పేర్లు వేరైనా లోపల పేజీ గీసే ఇంజిన్లు కొన్నే. సుమత్రా లోపల మ్యూపీడీఎఫ్. ఎవిన్స్, ఓక్యులర్ రెండింటిలోనూ పాప్లర్. క్రోమ్‌లో పీడీఎఫియం. ఫైర్‌ఫాక్స్‌లో పీడీఎఫ్ డాట్ జేఎస్. ఒక ఫైల్ ఎవిన్స్‌లో తప్పుగా కనిపిస్తే ఓక్యులర్‌లో తెరిచి లాభం తక్కువ, వంటమనిషి ఒక్కరే కదా. సుమత్రాలోనో క్రోమ్‌లోనో తెరవండి.

ఈపబ్ పుస్తకాల్లో తెలుగు సంగతి మళ్ళీ వేరు. అక్కడ ఆకారాలు ముందే గీసి ఉండవు, వత్తులు కలపడం రీడరే చేయాలి. కాబట్టి పీడీఎఫ్‌లో తెలుగు బాగుంది కదా అని ఈపబ్‌లోనూ బాగుంటుందనుకోకుండా ఒక పేజీ తెరిచి చూడండి.

7. సంతకాలకీ ఫారాలకీ పక్కన ఇంకొకటి

ఈ-ఆధార్ తెరిస్తే ముందు పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంగ్లీష్‌లో పేరులోని మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. పాస్‌వర్డ్ ఉన్న ఫైళ్ళని సుమత్రా కూడా తెరుస్తుంది. అయితే పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోమంటారా అని ఒక పెట్టె చూపిస్తుంది. పదిమంది వాడే కంప్యూటర్ అయితే ఆ టిక్ తీసేయండి.

ఈ-ఆధార్‌లో ప్రశ్న గుర్తుతో 'వాలిడిటీ అన్‌నోన్' అని కనిపిస్తే కంగారు పడకండి. నకిలీ అని కాదు, ఆ సంతకాన్ని మీ కంప్యూటర్ ఇంకా సరిచూడలేదని అర్థం. దీనికే అడోబీ రీడర్ కావాలి. నెట్ కనెక్ట్ చేసి అందులో ఫైల్ తెరిచి, ఆ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి 'వాలిడేట్ సిగ్నేచర్', తర్వాత 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', అక్కడి నుంచి సర్టిఫికెట్ చూపించమని నొక్కండి. సర్టిఫికెట్ ఎవరిదో చదివాకే 'ట్రస్ట్' ట్యాబ్‌లో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' (పాత వెర్షన్లలో 'ఐడెంటిటీస్') నొక్కి ఓకే ఇవ్వాలి. మళ్ళీ వాలిడేట్ చేస్తే పచ్చ టిక్ వస్తుంది. బ్యాంకులోనో ఆఫీసులోనో పచ్చ టిక్ ఉన్న ప్రింటే కావాలని అడిగినప్పుడు ఈ తతంగం తప్పదు.

ఇంకొక రకం ఫైల్ ఉంది. తెరవగానే 'ప్లీజ్ వెయిట్' అని ఇంగ్లీష్‌లో ఒక పేరా కనిపిస్తుంది, ఎంతసేపు ఆగినా అదే. ఫైల్ పాడైందనుకుని మళ్ళీ మళ్ళీ డౌన్‌లోడ్ చేస్తారు. అది ఎక్స్ఎఫ్ఏ అనే పాత పద్ధతి ఫారం. చాలా చిన్న రీడర్లకి అది రాదు. అడోబీలో తెరుచుకుంటుంది, కొత్త ఫైర్‌ఫాక్స్‌లో కూడా ప్రయత్నించొచ్చు.

మామూలు ఫారాలైతే ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో నింపి ప్రింట్ తీసుకోవచ్చు. అడోబీ అవసరం ఏడాదికి ఒకసారి కూడా రానివాళ్ళు దాన్ని పెట్టకుండా, కావలసిన రోజున తెలిసినవాళ్ళ కంప్యూటర్‌లో పని కానిచ్చుకోండి.

8. ఎంచుకున్నాక చేయాల్సినవి

ఏదైనా ఒక పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ విత్', 'చూజ్ ఎనదర్ యాప్' నొక్కి, మీరు ఎంచుకున్న రీడర్ చూపించి 'ఆల్వేస్' ఇవ్వండి. ఇది చేయకపోతే రెండుసార్లు నొక్కినప్పుడు మళ్ళీ పాత బరువే లేస్తుంది. చేసిన పనంతా వృథా.

అక్కర్లేని రీడర్లని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయండి. అడోబీ ఉంచుకున్నవాళ్ళు టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్ళి, కంప్యూటర్ ఆన్ అవగానే లేచేవాటిలో రీడర్లకి సంబంధించినవి ఏమైనా ఉంటే డిసేబుల్ చేయండి. పిలిచినప్పుడు వస్తే చాలు, గుమ్మంలో కాపలా అక్కర్లేదు. ప్రోగ్రామ్ అప్‌డేట్ మాత్రం ఆపొద్దు. రెండు మూడు నెలలకోసారి హెల్ప్ మెనూలో కొత్త వెర్షన్ ఉందేమో చూడండి.

సాయంత్రం పూట తెల్లటి తెర కళ్ళకి గుచ్చుకుంటుంటే సుమత్రాలో ఐ అక్షరం నొక్కండి, నలుపు మీద తెల్ల అక్షరాలు వస్తాయి. టైప్ చేసిన ఫైళ్ళకి హాయిగా ఉంటుంది. పాత స్కాన్ పుస్తకాల్లో రంగులు వింతగా తయారవుతాయి, వాటికి తెర వెలుగు తగ్గించుకోవడమే మేలు.

చివరగా, కంప్యూటర్ పెద్దవాళ్ళదైతే అన్నీ ఒకేసారి చెప్పకండి. నేను ఒక చీటీ మీద మూడు లైన్లు రాసి నాన్నగారి మానిటర్ కింద అతికించాను. కంట్రోల్, జి: పేజీ నంబర్‌కి వెళ్ళడానికి. కంట్రోల్, 2: పేజీ తెర వెడల్పుకి సరిపోవడానికి. ఎఫ్ 11: పుస్తకం తెర నిండా రావడానికి, మళ్ళీ నొక్కితే మామూలుగా అవడానికి. మొన్న వెళ్ళి చూస్తే కింద ఆయన చేతిరాతతో నాలుగో లైన్ కూడా ఉంది: "ఒక్కసారి తెరిస్తే చాలు, మళ్ళీ మళ్ళీ నొక్కరాదు."